ఊఁ అనేదాకా

“ఊఁ,” అన్నాడాయన.

ఆమె బొటనవేలు ఎత్తింది. తెర మీద అప్పటిదాకా ఖాళీగా ఉన్నచోట భాగహారం గుర్తు వచ్చి కూర్చుంది. ఆయన కుడిచేత్తో దాని పక్కన ఒక అంకె కొట్టి “వేలు” అన్నాడు. ఆమె మళ్ళీ పెట్టింది.

పని ఇంతే. కూడికకీ తీసివేతకీ కీబోర్డు మీద మీటలున్నాయి గానీ వర్గమూలానికి లేదు, డిగ్రీకి లేదు, వృత్తాల లెక్కల్లో వచ్చే ‘పై’ గుర్తుకి లేదు. అవి కావాలంటే ఎడమచేత్తో ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని, కుడివైపున ఉండే అంకెల మీటల మీద ఆ గుర్తు తాలూకు సంఖ్య కొట్టాలి. నొక్కిపెట్టినంతసేపూ తెర మీద ఏమీ కనిపించదు. వదిలినప్పుడే గుర్తు పడుతుంది. రెండు చేతులూ ఆడేవాళ్ళకి ఇది చిటికెలో పని. ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమచేయి పడిపోయింది. అందుకని ఆల్ట్ మీట ఆమెది, అంకెలు ఆయనవి. ఒక గుర్తు పడాలంటే ఇద్దరు మనుషులు కూర్చోవాలి.

ప్రెస్సులో ఆయన్ని గుర్తుల మాస్టారు అంటారు. బళ్ళవాళ్ళు పంపే లెక్కల ప్రశ్నపత్రాలన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. ఆమెను ఆల్టమ్మ అంటారు. మొదట ఎవరు అన్నారో తెలియదు గానీ ఆమెకి ఆ పేరు లోలోపల ఇష్టమే. పెళ్ళయిన దగ్గరనుంచీ ఫలానావాడి పెళ్ళామనే తప్ప ఇంకో పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు లేరు మరి.

ఆయన కుర్చీకి ఎడమపక్కన ఆమె స్టూలు. చెక్కది, ఆనుకోవడానికి వెనక ఏమీ ఉండదు. దాని మీద ఒక దిండు. ఆయన పాత గళ్ళచొక్కా చింపి, లోపల గుడ్డపీలికలు కూరి ఆమే కుట్టింది. మీట అందుకోవాలంటే కుడివైపుకి ఒరగాలి గనక రోజంతా అలా ఒరిగే కూర్చుంటుంది. సాయంత్రానికి నడుము ఒక పక్కకి లాగేస్తుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన ఎడమకాలు ఈడుస్తూ, ఆమె ఆయనవైపు వంగి నడుస్తుంటే వెనకనుంచి చూసేవాళ్ళకి ఏదో గుట్టు చెప్పుకుంటున్నట్టు ఉంటారు. చెప్పుకునేది మాత్రం కూరగాయల ధరల గురించే.

ఆమెకి లెక్కలు రావు. గుర్తులకి తన పేర్లు తను పెట్టుకుంది. వర్గమూలం ‘గడియ’, పై గుర్తు ‘బల్ల’, డిగ్రీ ‘పిల్లసున్నా’. కొత్తల్లో ఆయన అంకెలన్నీ కొట్టకముందే తొందరపడి వేలు తీసేసేది. వర్గమూలానికి మూడంకెలు కొట్టాలి, రెండు, అయిదు, ఒకటి. రెండో అంకె దగ్గరే తీసేస్తే గడియకి బదులు కిందికి చూసే బాణం ఒకటి పడేది, మిగిలిపోయిన ‘ఒకటి’ దాని పక్కన దిక్కులేకుండా నిలబడేది. “బాణం వేశావ్,” అనేవాడాయన. పక్షవాతం తర్వాత ఆయన నవ్వు ఒక చెంపకే పరిమితమైపోయింది. ఆ సగం నవ్వుకోసమే ఆమె ఒకటి రెండుసార్లు కావాలని కూడా బాణం వేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. ఆయన ‘ఊఁ’ అనేదాకా ఆమె వేలు తీయకూడదు. అప్పటినుంచీ తీయలేదు.

ఆ వేళ పొద్దున మెట్లెక్కేటప్పుడు ఆయన మధ్యలో ఆగిపోయాడు. కటకటాలు పట్టుకుని కిందకి చూస్తూ నిలబడ్డాడు. కింద గదిలో అచ్చుయంత్రం ఒకటే మోత. “ఏమైంది?” అంటే “ఏం లేదు, చెమట,” అన్నాడు. “నిన్న అరగంట తొందరగా పడుకోండంటే వినలేదుగా,” అని ఆమె సణిగింది. పైకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, పనిచేయని చేతిని ఒళ్ళో తువ్వాలు మీద సర్ది, కళ్ళజోడు తుడిచి ఇచ్చి తన స్టూలు మీద కూర్చుంది. అన్నీ రోజూ ఉన్నట్టే ఉన్నాయి.

చిన్నయజమాని పదకొండు ప్రాంతంలో వచ్చాడు. పెద్దాయన పోయాక ప్రెస్సు చూసుకుంటున్నది ఈ కొడుకే. మంచివాడు. మంచివాళ్ళతోనే చిక్కు, పోట్లాడటానికి వీలుండదు.

“మాస్టారూ, సోమవారం కొత్త ప్రింటరు వస్తోంది. చాలా పెద్దది. దాన్నెక్కడ పెట్టాలా అని తెగ ఆలోచించాను,” అన్నాడు, బల్ల అంచు గోకుతూ.

“మంచిదే కదా బాబూ.”

“ప్లగ్గు చూస్తే మీ పక్కనే ఉంది. ఈ స్టూలు తీసేస్తే సరిగ్గా పడుతుంది.”

ఆమె ఇటు తిరిగింది. “మరి నేనెక్కడ కూర్చోను బాబూ?”

“మీకెందుకమ్మా ఈ శ్రమ? పొద్దున మాస్టార్ని దింపేసి ఇంట్లో హాయిగా ఉండండి. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి.”

“నేను లేకపోతే ఆయన గుర్తులెలా వేస్తారు? ఆ చెయ్యి చూస్తూనే ఉన్నారుగా.”

చిన్నయజమాని నీళ్ళు నమిలాడు. “అది మాస్టారే చెప్పాలి. ఒక్కరే చేసుకోగలిగితే నాకు మాస్టారు ఉండటమే కావాలి. లేదంటే మటుకు…”

లేదంటే ఏమిటో చెప్పకుండా ఆగాడు. చెప్పక్కర్లేదు కూడా. ఆయన తెరకేసి చూస్తూ “చూద్దాంలెండి,” అన్నాడు. చిన్నయజమాని బరువు దించుకున్నవాడిలా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

“గట్టిగా చెప్పలేకపోయారా,” అందామె, పక్కవాళ్ళకి వినబడకుండా. “మా ఆవిడ లేకపోతే ఈ పని జరగదూ అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది?”

“వేలు,” అన్నాడాయన.

ముఖం మాడ్చుకుని వేలు పెట్టింది.

ఆ వేలికి ఇదే ప్రెస్సులో ఇంకో చరిత్ర ఉంది. పెద్దాయన ఉన్నప్పుడు ఆమె కింద బైండింగు గదిలో పనిచేసేది. అచ్చయిన పెద్ద కాగితాలని అంచుకి అంచు కలిపి మడిచి, మడత మీద బొటనవేలితో రాసి పదును తేవటం ఆమె పని. మిగతా ఆడవాళ్ళు చెక్కముక్కతో రాసేవాళ్ళు, ఆమెకి చెక్క నచ్చేది కాదు. మడత సరిగా పడిందో లేదో వేలికే తెలుస్తుందనేది. ఏళ్ళ తరబడి రాయగా రాయగా ఆ వేలు చివర చదునై గట్టిపడిపోయింది, గోరు ఒక పక్కకి తిరిగింది. తర్వాత మడతలు పెట్టే యంత్రం వచ్చింది. పెద్దాయన అందరినీ పిలిచి, కాఫీ ఇప్పించి, ఇక పని లేదని చెప్పాడు.

ఇంట్లో కూర్చుంది. వండేది, తుడిచేది, ఆ తర్వాత ఇంకేం చేయాలో తెలిసేది కాదు. మంచం మీద కూర్చుని ఎదురుగా ఉన్న గోడ చూస్తుండేది. కరెంటు బిల్లు వస్తే దాన్ని అంచుకి అంచు కలిపి మడిచేది, విప్పేది, మళ్ళీ మడిచేది. ఆయన సాయంత్రం వచ్చి తలుపు తడితే లేచి తీయటానికి కూడా చాలాసేపు పట్టేది. మాటలు తగ్గిపోయాయి. ఒకటి రెండు రోజులు పూర్తిగా మాట్లాడకుండా గడిచిపోయిన సందర్భాలున్నాయి, ఆ సంగతి ఆమె తర్వాతగానీ గమనించుకోలేదు.

అప్పుడు ఆయనకి పక్షవాతం వచ్చింది. ఇలా అనకూడదు గానీ అది ఆమెను బతికించింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన పెద్దాయన దగ్గరికి వెళ్ళి, నాకో చెయ్యి కావాలి, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటాను అని అడిగాడు. మర్నాటినుంచి ఆమె పొద్దున్నే లేచి తల దువ్వుకోవటం మొదలుపెట్టింది. పని ఉన్న మనిషి నడకే వేరు. చెల్లెలు చూడటానికి వచ్చి “మీ ఆయన ఎలా ఉన్నాడక్కా?” అంటే, “నేను లేకపోతే ఒక్క గుర్తు పడదు తెలుసా,” అంది. జాలి పడటానికి వచ్చిన చెల్లెలు బిక్కమొహం వేసింది.

చిన్నయజమాని వెళ్ళిన కాసేపటికి, ఆయన గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్ళినప్పుడు పక్క కంప్యూటరావిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆవిడ ఇంతకుముందు బళ్ళో పాఠాలు చెప్పేది, అందుకని అందరూ టీచరమ్మ అంటారు. ఎవరైనా దిగులుగా ఉంటే ఆవిడకి చేతులు ఊరుకోవు.

“ఆ స్టూలు గురించి దిగులు పెట్టుకోకండమ్మా. మాస్టారు ఒక్కరే చేసుకోవచ్చు. ఇదిగో చూడండి,” అని తన తెర మీద ఏదో నొక్కింది. అక్కడే కిటికీలాంటిది ఒకటి తెరుచుకుంది. అందులో గళ్ళు గళ్ళుగా గుర్తులన్నీ వరసన ఉన్నాయి. గడియ ఉంది, బల్ల ఉంది, పిల్లసున్నా ఉంది. టీచరమ్మ గడియ మీద మౌసుతో నొక్కింది. వచ్చి పడింది.

“ఒక్క చెయ్యి చాలు. అంకెలు గుర్తుపెట్టుకోవటం కూడా అక్కర్లేదు.”

ఆమె ఆ కిటికీకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత, ఒక్కసారిగా తేలికపడి, “అయ్యో, ఇది ఆయనకి తెలీదు పాపం. రాగానే చెప్తాను,” అంది.

“తెలీకపోవటమేంటి? నేను చేరిన కొత్తలో నాకు చూపించింది మాస్టారే,” అనేసింది టీచరమ్మ. వెంటనే కుర్చీ వెనక్కి లాక్కుని పని ఉన్నట్టు ఏదో కొట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం డబ్బా విప్పి ఆయన ముందు పెట్టింది. ఆయన తినటానికి వంగాక అడిగింది.

“ఆ కిటికీ సంగతి మీకు తెలుసుట.”

ఆయన నమలటం ఆపాడు. “ఏ కిటికీ?”

“గుర్తులన్నీ ఉంటాయే, అది. నొక్కితే వచ్చేస్తాయి. నా వేలు అక్కర్లేదు.”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

ఆయన ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. చెంప పక్కన మెతుకు అంటుకుంది. మామూలుగా అయితే ఆమె తుడిచేది.

“మరి నన్నెందుకు కూర్చోబెట్టుకున్నారు ఇన్నాళ్ళూ?”

“ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునేదానివి.” నాలుక మందం వల్ల ఆయన మాటలు ఒక్కొక్కటే వస్తాయి. “నువ్వేగా అడిగావ్, తీసుకెళ్ళమని.”

“నేనెప్పుడడిగాను?”

“నోటితో అడగలేదు.”

“అయితే నన్ను బొమ్మలా కూర్చోబెట్టి ఆడించారన్నమాట.”

“అది కాదే…” అన్నాడాయన. తర్వాతి మాట కోసం నోరు కూడగట్టుకుంటున్నాడు. అది వచ్చేదాకా ఆమె ఆగలేదు, డబ్బా మూత తీసుకుని కడగటానికి వెళ్ళిపోయింది. డబ్బాలో అన్నం ఇంకా ఉంది. మూత ఒక్కటే కడిగి, కుళాయి కట్టేసి, అక్కడే నిలబడింది.

ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. మడతల యంత్రం వచ్చినరోజున కూడా ఆమెతో ఎవరూ అబద్ధం చెప్పలేదు. నీ పని నేను చేస్తాను, నువ్వు ఇంటికి పో అని ఆ యంత్రం ముఖాన చెప్పింది. కట్టుకున్నవాడు మాత్రం లేని పని ఉన్నట్టు నమ్మించాడు. తను చెల్లెలి దగ్గర ఎన్ని గొప్పలు పోయింది! ఈ ప్రెస్సులో అందరికీ తెలిసే ఉంటుంది. ఆల్టమ్మా ఆల్టమ్మా అంటూ ఎంత నవ్వుకుని ఉంటారో. చిన్నయజమానికి కూడా తెలుసేమో, తెలిసే అంత మెత్తగా మాట్లాడాడేమో. ఆయన దయతలిచాడు సరే, దయ కావాలని తను ఎప్పుడడిగింది? నిజం చెప్పి ఉంటే తను వేరే ఏదైనా పని వెతుక్కునేది. వెతుక్కునేదా అంటే, ఏమో, ఆ గోడ ముందునుంచి లేచేదా అసలు? ఆ ఆలోచన రాగానే ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ముఖం మాత్రం ఎడమపక్క గోడకున్న కిటికీవైపు తిప్పుకుంది. ఎదురు మేడ గోడ మీద వాననీటి చారలు, వాటి మధ్య ఓ గొట్టం. చూడటానికి అందులో ఏమీ లేదు, అయినా దాన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దునకి ఇవ్వాల్సిన ప్రశ్నపత్రం ఒకటి ఉంది. ఆయన మొదలుపెట్టాడు. ఆ కిటికీ తెరిచి మౌసుతో నొక్కుతాడేమోనని ఆమె చెవులు రిక్కించి ఉంది. నొక్కితే అప్పుడే లేచి వెళ్ళిపోదామనుకుంది.

“వేలు,” అన్నాడాయన.

ఒక క్షణం పెట్టలేదు. తర్వాత, అటు తిరిగే, చేత్తో తడుముకుని మీట మీద పెట్టింది. ఆయన అంకెలు కొట్టాడు. “ఊఁ” అన్నాడు. తీసింది. అలా చాలాసేపు జరిగింది. ఆయన కొట్టడం ఆ వేళ నెమ్మదిగా ఉంది. మధ్యమధ్య మోచేత్తో నుదురు తుడుచుకుంటున్నట్టు కుర్చీ కిర్రుమంటోంది. తిరిగి చూస్తే మాట్లాడాల్సి వస్తుందని ఆమె చూడలేదు. తప్పు చేసినవాళ్ళకి చెమట పట్టదా, పట్టనీ అనుకుంది.

“ఏమే,” అన్నాడాయన ఒకసారి.

ఆమె ఎదురుగోడ మీది గొట్టాన్నే చూస్తోంది.

కొంచెంసేపు ఆగి “వేలు,” అన్నాడు.

పెట్టింది. రెండు మీటలు కొట్టిన చప్పుడు వినిపించింది. ఇంకొకటి రావాలి. రాలేదు.

నేను తిరిగి చూడాలని ఆపాడు, అనుకుందామె. చూడను. ఎంతసేపు ఆపుతాడో ఆపనీ. ఊఁ అనేదాకా తీయకూడదని షరతు పెట్టింది ఆయనే కదా, తీయను. పొద్దుపోయేదాకా ఇలాగే పట్టుకుని కూర్చుంటాను. మీట మీద వేలు మొద్దుబారుతోంది. కింద అచ్చుయంత్రం మోత తగ్గి, మళ్ళీ పెరిగింది. సోమవారం నుంచి మీ కిటికీ మీరు తెరుచుకోండి, నన్ను పిలవకండి అని మెట్లు దిగేటప్పుడు చెప్పాలనుకుంది. మెట్లు అనుకోగానే పొద్దున ఆయన కటకటాలు పట్టుకుని నిలబడటం గుర్తొచ్చింది. దింపేటప్పుడు మాత్రం పట్టుకోక తప్పదు. పట్టుకున్నాక మాట్లాడకుండా ఎలా ఉంటాం? చెంపకి అంటుకున్న మెతుకు ఇంకా అలాగే ఉందేమో. ఎవరూ చెప్పి ఉండరు. మనిషి రోజంతా అలాగే కూర్చుని ఉంటాడు పిచ్చిమాలోకం.

ఇంటికెళ్ళాక అడుగుదాం, ఇప్పుడు కాదు అనుకుని, తువ్వాలు అంచుతో తుడుద్దామని ఆయనవైపు తిరిగింది.

తల గుండె మీదికి వాలి ఉంది, భోజనం తర్వాత కునుకు తీసినట్టే. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. కుడిచేయి అంకెల మీటల మీదే ఉంది. మెతుకు చెంపనే ఉంది.

“ఏమండీ,” అందామె.

ఇంకోసారి అంది. ఎడమచేత్తో ఆయన భుజం పట్టుకుని కదిపింది. కుడిచేయి మీట మీదే ఉంచింది. టీచరమ్మ తిరిగి చూసి, లేచి వచ్చి, ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మెట్ల దగ్గరికి పరుగెత్తి చిన్నయజమానిని పిలిచింది. కింద యంత్రం ఆపేశారు. అది ఆగితే ఆ మేడ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆమె అప్పుడే విన్నది. వీధి చివరి డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపయినట్టుంది, అన్నాడు.

చాలాసేపు. అంతసేపూ తను గోడ మీది చారలు చూస్తూ కూర్చుంది.

“అమ్మా, వేలు తీయండి,” అంది టీచరమ్మ, వంగి.

“ఆయన ఊఁ అన్లేదు.”

“తీయండమ్మా.”

ఆమెకి వేలు ఎత్తటం రాలేదు, మొద్దుబారిపోయింది. టీచరమ్మే ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకి తీసింది. తెర మీద బాణం పడింది. కిందికి చూస్తున్న బాణం.

మూడో అంకె లేదు. అది చూసి ఏమైనా అనాల్సిన మనిషి ఆయనొక్కడే. ఆయన అనలేదు. ఆమె ఆ సగం నవ్వుకోసం ఆయన ముఖంకేసి చూసింది, చూస్తూనే ఉంది, ఎవరో ఆమె భుజాలు పట్టుకుని లేపేదాకా.

ప్రశ్నపత్రం మర్నాడు పొద్దునకి ఇవ్వాలి. ఇచ్చారు. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఆ బాణాన్ని చెరిపేసి, కిటికీ తెరిచి, మిగతా గుర్తులన్నీ ఒక్కతే వేసేసింది. పెద్ద ఆలస్యం కాలేదు.

కొన్నాళ్ళ తర్వాత ఆయన వస్తువులు తీసుకెళ్ళమని చిన్నయజమాని కబురు పెట్టాడు. వస్తువులంటే తువ్వాలు, కళ్ళజోడు గూడు, మంచినీళ్ళ సీసా. ఆమె మెట్లెక్కుతూ కుడిచేత్తో పక్కన ఎవరినో పట్టుకోబోయి, కటకటాలు పట్టుకుంది. బల్ల పక్కన కొత్త ప్రింటరు ఉంది. నిజంగానే పెద్దది, సరిగ్గా పట్టింది. టీచరమ్మ కుర్చీ ఇవ్వబోతే వద్దంది. చిన్నయజమాని ఏదైనా కావాలంటే అడగమన్నాడు. ఏం కావాలో ఆమెకి తోచలేదు. సరే బాబూ అంది.

దిగేటప్పుడు అతను కూడా వచ్చాడు. మెట్ల కింద, మడతల యంత్రం పక్కన, చిత్తుకాగితాల కట్టల మధ్య స్టూలు కనిపించింది.

“ఇది కూడా పంపించమంటారా అమ్మా?”

“ఇంట్లో దాన్ని ఎక్కడ వేసుకోను బాబూ?” అంది. బొటనవేలు పిడికిట్లో దాచుకుని గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ కుడివైపుకి ఒరిగే నడుస్తోంది.

చిన్నయజమాని కట్టలు కొంచెం జరిపి స్టూలుని గోడవారగా నెట్టాడు. దాని మీద గళ్ళచొక్కా దిండు అలాగే ఉంది, ఎడమవైపు కొత్తదానిలా ఉబ్బి, కుడివైపు మాత్రం అణిగిపోయి.